పువ్వు కుడివైపు పడితే

చౌడేపల్లె దగ్గర బోయకొండ మీద గంగమ్మను ఏదైనా అడగాలంటే నోరు విప్పనక్కర్లేదు. మనసులో అనుకుంటే చాలు. అమ్మవారి తల మీద పువ్వు పెడతారు. అది కుడివైపు పడితే పని అవుతుందని, ఎడమవైపు పడితే కాదనీ లేదా చాలా ఆలస్యమవుతుందనీ, మధ్యలో పడితే కొన్నాళ్లు ఆగమనీ అర్థం. పుంగనూరు, మదనపల్లె, పలమనేరు జనమే కాదు, కర్ణాటక నుంచీ తమిళనాడు నుంచీ కూడా వస్తారు. సంబంధం ఖాయం చేసుకోవచ్చా, బోరు వేయొచ్చా, కోర్టులో వ్యాజ్యం గెలుస్తామా అని అడుగుతారు. మా తమ్ముడు మాత్రం టమోటా నాటొచ్చా అని అడుగుతాడు.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. వాడు కొండ దిగి వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఒక చర్చ తప్పదు. ఒకసారి వాడు ఉషారుగా వచ్చి, "అక్కా, అమ్మ ఒప్పుకొనింది. ఇంగ నాటేస్తాం" అన్నాడు.

"పోయినసారి గూడా కుడిపక్కనే గదరా పడింది? కోత కూలి గూడా రాలేదంటివే?"

"పోయినసారి నేను పంట బాగా రావల్లని అడిగినా. పంట బాగానే వచ్చింది గదా. ధర సంగతి నేను అడగలేదు, ఆయమ్మ చెప్పలేదు."

నవ్వొచ్చింది గానీ, ఆ జవాబును అంత తేలిగ్గా వదిలేయలేకపోయాను. దేవుడి మీద నమ్మకం బుద్ధికి నిలుస్తుందా అన్న ప్రశ్నకు మూలం ఆ జవాబులోనే ఉందని నాకు అనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే ముందు టమోటా సంగతి చెప్పాలి.

మదనపల్లె టమోటా మార్కెట్ దేశంలోనే పెద్ద వాటిలో ఒకటి. నారు తెచ్చి, డ్రిప్పు పరిచి, మల్చింగ్ షీటు వేసి, కట్టెలు పాతి, మొక్కను పురికొసతో పైకి కట్టి, రెండు నెలలు దాటాక కాయ కోస్తారు. బాక్సులు మండీకి చేరాక వేలం పాడతారు. ఆ రోజు ధరెంతో నాటిన రోజు ఎవడూ చెప్పలేడు. 2023 జులైలో కిలో 100 రూపాయలు దాటిపోయినప్పుడు రైతులు రాత్రిళ్లు తోటలకు కాపలా పడుకున్నారు. అదే టమోటాను బండి బాడుగ కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోసిన సంవత్సరాలు మా వైపు అందరికీ గుర్తే. అంటే రైతు తెలిసి నాటడు, తెలియకనే నాటాలి. అన్నీ తేలేదాకా ఆగితే సీజను దాటిపోతుంది. నాటకపోవడం కూడా ఒక నిర్ణయమే, దానికీ నష్టముంది.

అమెరికా తాత్వికుడు విలియం జేమ్స్ 1896లో సరిగ్గా ఇలాంటి సందర్భం గురించే రాశాడు. సాక్ష్యం ఎటూ తేల్చదు, నిర్ణయం వాయిదా వేయడానికి వీల్లేదు, దాని మీద బతుకులో పెద్దదేదో ఆధారపడి ఉంది. ఈ మూడూ కలిసినప్పుడు మనిషి మనసు మొగ్గిన వైపు నమ్మడం తెలివితక్కువ కాదని ఆయన వాదం. ఆయన దేవుడి మీద నమ్మకాన్ని సమర్థించడానికి రాసినా, అది మా తమ్ముడి కోసమే రాసినట్టుంటుంది.

ఇక్కడ ఎవరికైనా రెండో సందేహం వస్తుంది. ధర ముందే అమ్మవారికి తెలుసంటే, వాడు కష్టపడి లాభమేమిటి? శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటాం. అదే నోటితో కృషితో నాస్తి దుర్భిక్షం అనీ అంటాం. రెండూ నిజమెలా అవుతాయి? ఈ చిక్కు కొత్తది కాదు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఇదే చర్చ ఉంది. ఒకడు సుఖంగా, ఇంకొకడు దుఃఖంగా పుడుతున్నాడంటే ఈశ్వరుడికి పక్షపాతం అంటగట్టాలి కదా అన్న ఆక్షేపణకు శంకరాచార్యులు భాష్యంలో వానను చూపించాడు. వాన అన్ని చేలకూ ఒక్కటే. వరి వేసిన మడిలో వరి, యవలు వేసిన చేనులో యవలు మొలుస్తాయి. తేడా విత్తనానిది, వానది కాదు. ఈశ్వరుడు జీవుడి ప్రయత్నాన్ని బట్టే ఫలమిస్తాడు గనక ప్రయత్నం వట్టిపోదు.

మరి ఆ విత్తనం ఎవరిచ్చారంటే, పూర్వకర్మ అంటారు. ఆ కర్మకు మొదలేదంటే, సంసారం అనాది అంటారు. సైన్సు పంతులమ్మగా నాకిది ప్రశ్నను ఒక మెట్టు వెనక్కి జరిపినట్టే కనిపిస్తుంది. అయినా ఆ జవాబు చేసిన మేలు ఒకటుంది. పంట పోతే దేవుడి మీద తోసేసి కూర్చోవడానికి అది వీలివ్వదు.

పుస్తకాల్లో ఈ వాదన ఎంతసేపైనా సాగుతుంది. నాకు మాత్రం దీని అసలు పరీక్ష మా ఊరి బిడ్డ జీవితంలోనే జరిగిందనిపిస్తుంది. జిడ్డు కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో పుట్టాడు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో తహసీల్దారు దాకా ఎదిగినవాడు, దివ్యజ్ఞాన సమాజంలో (థియోసాఫికల్ సొసైటీలో) పాత సభ్యుడు. ఎనిమిదో సంతానం గనక కృష్ణుడి పేరు పెట్టారు. కుమార శ్రౌతులు అనే జ్యోతిష్కుడు జాతకం వేసి, వీడు మహానుభావుడవుతాడని చెప్పాడంటారు. ఆ మాట నమ్మడానికి ఇంట్లో కనిపించే ఆధారమైతే ఏమీ లేదు. మలేరియాతో పీనుగులా ఉండేవాడు, బడిలో మొద్దు. తల్లి సంజీవమ్మ 1905లో పోయింది. ఉద్యోగం నుంచి దిగాక నారాయణయ్య 1909 మొదట్లో పిల్లల్ని తీసుకుని మద్రాసు అడయారులోని ఆ సమాజం కేంద్రానికి చేరాడు.

ఆ ఏడే అడయారు సముద్రపొడ్డున సమాజం పెద్దల్లో ఒకడైన సి.డబ్ల్యు. లెడ్‌బీటర్ ఈ పిల్లవాణ్ని చూశాడు. వీడి చుట్టూ స్వార్థం ఇసుమంతైనా లేని కాంతి కనిపిస్తోందన్నాడు. రాబోయే జగద్గురువు, అంటే మైత్రేయుడు, ఈ దేహంలోకే దిగివస్తాడని తేల్చారు. 1911లో ఆ రాక కోసం 'ఆర్డర్ ఆఫ్ ద స్టార్ ఇన్ ద ఈస్ట్' అనే సంఘం పుట్టింది. దానికి పెద్ద ఆ కుర్రాడే.

ఒక చిన్న వివరం మాత్రం చాలామంది చెప్పకుండా దాటేస్తారు. అంతకు ముందే చికాగోకు చెందిన హ్యూబర్ట్ వాన్ హుక్ అనే కుర్రాణ్ని లెడ్‌బీటర్ అదే పనికి ఎంచి ఉన్నాడు. అతను తల్లితో అడయారు చేరేసరికి ఆ స్థానంలో మన పిల్లవాడు కూర్చుని ఉన్నాడు. దైవ ప్రణాళికలో అభ్యర్థి మారినా ప్రణాళిక మీద నమ్మకం ఎవరికీ చెక్కుచెదరలేదు. మా తమ్ముడి జవాబుకు ఇది పెద్దన్న.

ఈ కథలో ఆ పిల్లవాణ్ని చేరదీసి పెంచిన సమాజం పెద్ద అనీబిసెంట్‌ను మూఢురాలని కొట్టిపారేయడానికి లేదు. ఆమె ఒకప్పుడు ఇంగ్లండ్‌లో పేరుమోసిన నాస్తికురాలు. 1877లో ఛార్లెస్ బ్రాడ్లాతో కలిసి సంతాన నియంత్రణ పుస్తకం అచ్చువేసినందుకు కోర్టు బోనెక్కింది. మరుసటి ఏడు, ఈమె నాస్తికురాలన్నది ఒక కారణంగా, కన్నకూతురి సంరక్షణను కోర్టు ఆమె చేతుల్లోంచి తీసేసింది. 1889లో దివ్యజ్ఞాన సమాజ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ పుస్తకం సమీక్షకు వస్తే చదివి, ఆ సమాజంలో చేరిపోయింది. అలాంటి మనిషి 1912లో ఒక తండ్రి, నారాయణయ్య, తన కొడుకుల్ని తిరిగి ఇమ్మని వేసిన దావాలో ప్రతివాదిగా నిలబడి, మద్రాసు హైకోర్టులో తన వాదన తానే వినిపించింది. అక్కడ ఓడిపోయింది. లండన్ ప్రివీ కౌన్సిల్‌లో 1914లో గెలిచింది. అక్కడ తేలినవాటిలో ఒకటి నాకు చాలా ఇష్టం: అసలు ఆ పిల్లల ఇష్టమేమిటో తెలుసుకోలేదన్నది. జాతకం అడిగారు, కాంతి వలయం చూశారు, తండ్రి హక్కూ గురువు హక్కూ తూచారు. ఆ పిల్లవాణ్ని అడగాలని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

బిసెంట్ బోనెక్కిన ఆ 1877లోనే విలియం క్లిఫర్డ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు నమ్మకం నీతి గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో ఒక ఓడ యజమాని ఉంటాడు. ఓడ పాతది, మరమ్మతు కావాలి. అతనికి అనుమానముంది. కానీ ఇన్నిసార్లు భద్రంగా తిరిగొచ్చింది, బతుకుతెరువుకు వలసపోయే ఇన్ని కుటుంబాలను దేవుడు కాపాడకపోతాడా అని మనసుకు నచ్చజెప్పుకుని ఓడ వదిలేస్తాడు. గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అన్నమాట. ఓడ మునిగితే ఇతను దోషి అని ఎవరైనా అంటారు. క్లిఫర్డ్ ఇంకో అడుగు వేశాడు. ఓడ క్షేమంగా చేరినా ఇతను దోషేనన్నాడు. ఎందుకంటే ఆ నమ్మకం కలిగి ఉండే హక్కు అతను సంపాదించుకోలేదు, అనుమానాన్ని నొక్కేసి దాన్ని తెచ్చుకున్నాడు. జేమ్స్ జవాబిచ్చింది ఈ వ్యాసానికే. క్లిఫర్డ్ ఆ జవాబు చూడలేదు. ముప్పై మూడేళ్లకే, 1879లో, క్షయతో పోయాడు.

కృష్ణమూర్తి కథలోనూ ఓడ ఉంది, క్షయ ఉంది. తమ్ముడు నిత్యానందకు ఆ జబ్బు పట్టుకుంది. గాలి మార్పు కోసం 1922లో అన్నదమ్ములు కాలిఫోర్నియాలోని ఓహాయ్ చేరారు. కృష్ణమూర్తి చేయాల్సిన మహాకార్యానికి నిత్య అవసరం గనక అతను చావడని, సమాజం నమ్మే అదృశ్య పరమగురువులు ఆ మేరకు హామీ ఇచ్చారని చుట్టూ ఉన్నవాళ్లు నమ్మారు. కృష్ణమూర్తీ నమ్మాడు. ఆ నమ్మకంతోనే తమ్ముణ్ని ఓహాయ్‌లో వదిలి, 1925 నవంబరులో బిసెంట్‌తో కలిసి ఇండియాకు ఓడెక్కాడు. నవంబరు 13న నిత్య చనిపోయాడు. ఓడ సూయజ్ కాలువలోకి వస్తుండగా తంతి అందింది.

అదే కేబిన్‌లో ఉన్న బి. శివరావు తర్వాత చెప్పిన సంగతి ఒకటి నేను ఎప్పుడు తలచుకున్నా గొంతు పట్టేస్తుంది. రాత్రిళ్లు కృష్ణమూర్తి నిద్రలో నిత్యను పిలుస్తూ ఏడ్చేవాడు, ఒక్కోసారి తెలుగులో. మెలకువలో ఆయనకు తెలుగు మాట్లాడడం రాదు. చిన్నప్పుడే ఇంగ్లీషు పెంపకంలో పడి మరచిపోయాడు. ఆ పెంపకం ఆయన పైన ఏవేవో పేర్చింది గానీ, అడుగున ఉన్న పిల్లవాడు మా కడప, మదనపల్లె మాటల్లోనే తమ్ముణ్ని వెతుక్కున్నాడు.

ఇక్కడ కథ చెప్పేవాళ్లు సాధారణంగా తొందరపడతారు. తంతి వచ్చింది, నమ్మకం కూలింది, సంఘాన్ని రద్దు చేశాడు అని మూడు ముక్కల్లో తేల్చేస్తారు. కానీ తేదీలు అలా లేవు. అదే ఏడు డిసెంబరు 28న అడయారు మర్రిచెట్టు కింద ప్రసంగిస్తూ ఆయన మధ్యలో 'ఆయన వస్తాడు' అనడం మాని 'నేను వస్తాను' అన్నాడు. భక్తులు ప్రణాళిక ఫలించిందని పరవశించారు. సంఘం రద్దు 1929 ఆగస్టు 3న గానీ జరగలేదు. హాలెండ్‌లోని ఓమెన్‌లో, మూడువేల మందికి పైగా సభ్యుల ముందు, బిసెంట్ ఎదుటే. సత్యానికి సంఘం కట్టలేమని, తనకు శిష్యులు అక్కర్లేదని చెప్పి, కోటతో సహా ఇచ్చిన ఆస్తులు ఎవరివి వాళ్లకు తిప్పి పంపేశాడు. మధ్య నాలుగేళ్లు పట్టాయి. నిజంగా నమ్మినవాడికి నమ్మకం ఒక్క దెబ్బకు ఊడిరాదు.

నాకు ఆసక్తి కలిగించేది ఆ సభ తర్వాత మిగతావాళ్లు ఏం చేశారన్నది. లెడ్‌బీటర్ దృష్టిలో రాక దారితప్పింది. అంటే జోస్యం తప్పు కాదు, పిల్లవాడు తప్పాడు. ఇంకొందరు, ఈ తిరస్కారం కూడా ప్రణాళికలో భాగమే అనుకుని సర్దుకున్నారు. గమనించండి, ఈ రెండో సమాధానం ఎంత సురక్షితమో! ఒప్పుకుంటే ప్రణాళిక, కాదంటే ప్రణాళిక. ఏం జరిగినా చెల్లే మాట గనక అది ఏమీ చెప్పని మాట. బిసెంట్ మాత్రం వీళ్లందరికంటే నిజాయితీగా కష్టపడింది. జగద్గురువు తానే వచ్చి మాట్లాడుతుంటే మధ్యలో మనమెందుకని, సమాజంలోని గుహ్యవిద్యా విభాగాన్ని 1928లో మూసేసింది. ఏడాది తిరక్కుండానే మళ్లీ తెరిచింది. పెంచిన కొడుకు మాట ఒకవైపు, జీవితమంతా కట్టుకున్న నమ్మకం ఒకవైపు. ఆమె 1933లో పోయేదాకా రెంటినీ వదల్లేకపోయింది. ఆమెను చూసి నవ్వేవాళ్లు ఆ తూకంలో తామొకసారి కూర్చుని చూడాలి.

ఇంతవరకూ వచ్చాక, మతం అంతే, సైన్సుకు పడదు అనేయడం సులభం. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం లేకపోతే నేనూ అలాగే అనేదాన్ని.

ఆరోగ్యవరం క్షయ శానటోరియం 1915లో మొదలైంది. అదే ఏడు బిసెంట్ మా ఊళ్లో కాలేజీ పెట్టింది. శానటోరియం పెట్టింది అనేక క్రైస్తవ మిషన్లు కలిసి. డాక్టర్లు ప్రార్థన చేసేవాళ్లు, రోగులకు గాలి, విశ్రాంతి, తిండి ఇచ్చేవాళ్లు. అప్పట్లో అంతకు మించి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ 1943 దాకా కనిపెట్టలేదు. కాబట్టి నిత్య విషయంలో గురువుల హామీని నమ్మి వైద్యాన్ని కాలదన్నారని అనడానికీ లేదు.

1948లో ఈ దేశంలో బీసీజీ టీకా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950లో ఇక్కడి పల్లెల్లో ఒక పరీక్ష మొదలుపెట్టారు. నడిపించింది డెన్మార్క్ నుంచి వచ్చిన మిషనరీ డాక్టర్ల కుటుంబానికి చెందిన యోహానెస్ ఫ్రిమోట్-ముల్లర్. ముందు చర్మపరీక్ష చేసి, కొందరికి టీకా వేశారు, కొందరికి వేయలేదు. రెండు గుంపులవాళ్లనూ ఏళ్ల తరబడి గమనించి ఎవరికి జబ్బు వచ్చిందో రాసుకున్నారు. టీకా మీద ఆ డాక్టర్లకు నమ్మకముంది, లేకపోతే పని మొదలుపెట్టరు. అయినా టీకా వేయనివాళ్లనూ పక్కనే ఉంచుకుని లెక్క వేశారు. ఆ లెక్కలో బ్రిటన్‌లో కనిపించినంత రక్షణ ఇక్కడ కనిపించలేదు. దాన్ని దాచకుండా అచ్చువేశారు. 1968లో చెంగల్పట్టులో ఇంకా పెద్ద పరీక్ష మొదలైంది. పెద్దవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల క్షయ నుంచి బీసీజీ కాపాడలేదని అక్కడ తేలింది. పసిపిల్లలకు వచ్చే ప్రమాదకరమైన క్షయ రూపాలను ఆపుతుంది గనక నేటికీ పుట్టగానే వేస్తున్నారు. అంటే నమ్మకాన్ని పారేయలేదు, ఎంతవరకు నిజమో అంతవరకు కత్తిరించి ఉంచుకున్నారు.

ఆ డాక్టర్లు ఆదివారం చర్చికి వెళ్లి దేవుణ్ని నమ్మినవాళ్లే. అందుకే నా లెక్కలో గీత ఆస్తికుడికీ నాస్తికుడికీ మధ్య పడదు. 'కాదు' అన్న జవాబు వస్తే పుచ్చుకునేవాడికీ, ఏ జవాబు వచ్చినా 'అవును' గా మార్చుకునేవాడికీ మధ్య పడుతుంది. ఆ లెక్కన బోయకొండ పువ్వు అంత తీసిపారేయాల్సింది కాదు. అది ఎడమవైపూ పడగలదు. గంగమ్మ వద్దంటుంది. వద్దన్నాక సంబంధం మానుకున్న ఇళ్లు నాకు తెలుసు. పువ్వుకూ టమోటా ధరకూ ముడి ఉందా అంటే, లేదనే నేనంటాను. కానీ వద్దన్నప్పుడు ఆగేవాడిలో ఒక క్రమశిక్షణ ఉంది. గొడవల్లా ధర సంగతి అడగలేదని తర్వాత తప్పించుకోవడంతోనే వస్తుంది. ఈ మాట వాడితో అంటే, "అట్లయితే ఈసారి ధర గూడా కలిపి అడుగుతాలే" అన్నాడు. అడిగాడో లేదో గానీ, ఆ సీజన్లో ఉన్న చేనంతా టమోటాకు పెట్టక సగం వేరుశనక్కాయ వేశాడు. అమ్మవారు చెప్పిందా అంటే, ఇది తన బుద్ధికి తోచిందన్నాడు.

మళ్లీ కృష్ణమూర్తి దగ్గరికి. ఆయన్ను హేతువాదుల జట్టులో చేర్చుకోవాలని చాలామందికి ఉంటుంది. చిక్కేమంటే ఆయన ఆ జట్టులోనూ ఇమడడు. దైవప్రణాళికను తన ఇచ్ఛతో తోసిరాజన్న మనిషి కదా, మనిషి ఇచ్ఛను ఆకాశానికెత్తుతాడని అనుకుంటాం. ఆయన తర్వాతి యాభై ఏళ్లూ చెప్పింది వేరు. ఇదా అదా అని ఎంచుకుంటున్నామంటేనే మనకు స్పష్టంగా కనిపించడం లేదని, కనిపించినవాడికి ఎంపికే ఉండదని అన్నాడు. పాము కనబడితే పక్కకు తప్పుకోవాలా వద్దా అని ఎవరూ తర్కించరు. అలా చూస్తే 1929లో ఆయన 'నిర్ణయం తీసుకున్నాడు' అనడం కూడా సరికాదేమో. మదనపల్లె పక్కన ఆయన పూనికతో మొదలైన ఋషి వ్యాలీ బడిలో నేటికీ పిల్లలకు నేర్పాలని చూసేది ఈ చూపునే. అది నేర్పగలిగేదా అన్న అనుమానం నాకు ఉంది, టీచరుగా.

ఇంకా తిరకాసు ఉంది. 1979లో, ఎనభై దాటిన వయసులో, తన జీవితకథ రాస్తున్న మేరీ లుట్యెన్స్‌తో కృష్ణమూర్తి కూర్చుని ఒక ప్రశ్న మీద తర్జనభర్జన పడ్డాడు. అంతమంది అంత ప్రచారం, అంత పూజ, అంత ఆస్తి నెత్తిన రుద్దినా ఆ పిల్లవాడికి ఏదీ ఎందుకు అంటలేదు? అతను ఖాళీగా, ఎక్కడో ఆలోచిస్తున్నట్టు ఉండేవాడట. ఆ ఖాళీ ఎలా నిలిచింది? ఎవరైనా, ఏదైనా కాపాడిందా? పాత గురువుల కథను ఆయన ఒప్పుకోలేదు. వట్టి యాదృచ్ఛికమనీ ఒప్పుకోలేదు. ఏదో ఉందని మాత్రం అనిపిస్తోందన్నాడు. దానికి పేరు పెట్టలేదు, సంఘం కట్టలేదు, ఎవరినీ నమ్మమనలేదు. 1986 ఫిబ్రవరి 17న ఓహాయ్‌లో కన్నుమూసేదాకా ఆ ప్రశ్న అలాగే ఉంచుకున్నాడు.